వెలుగు పడవలసిన చోటు

ఇంటి పైకప్పులో గుండ్రని లేదా చదరపు రంధ్రం కోసి, అందులో ఇమిడిపోయేలా బిగించి, వెలుగును నేరుగా కిందికి పంపే దీపాన్ని డౌన్‌లైట్ అంటారు. ఎలక్ట్రీషియన్లు దీనిని సీలింగ్ లైట్ అనీ, కన్సీల్డ్ లైట్ అనీ, వెలుగు ఒకేచోట గుమిగూడి పడే రకాన్ని స్పాట్ లైట్ అనీ పిలుస్తారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోనే గాక చిన్న పట్టణాల్లో లేస్తున్న కొత్త ఇళ్లలో కూడా జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్ వేయించుకోవడం అలవాటుగా మారిన కొద్దీ, గోడకు బిగించే ట్యూబ్‌లైటు స్థానాన్ని ఈ దీపాలు ఆక్రమిస్తున్నాయి. వీటిని ఎంచుకునేటప్పుడు అట్టపెట్టెపై ఎల్ఈడీ అన్న అక్షరాలుంటే చాలు, కరెంటు బిల్లు దానంతటదే తగ్గుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. దీపం మంచిదై ఉండడం ఎంత అవసరమో, ఎన్ని దీపాలు, పైకప్పులో ఏ చోట, ఏ స్విచ్చు కింద అన్న మూడు నిర్ణయాలు సరిగా ఉండడం అంతకంటే అవసరమని తెలిసినప్పుడే ఆ నమ్మకం నిజమవుతుంది.

దీనికి సులభమైన లెక్క ఒకటి ఉంది. ఒకప్పటి హాలులో వెలిగిన 40 వాట్ల ట్యూబ్‌లైటు, దాని చోక్ తీసుకునే విద్యుత్తుతో కలిపి, 50 వాట్ల పైచిలుకు వాడేది. అదే హాలుకు ఫాల్స్ సీలింగ్ వేయించి, నాలుగు వైపులా వరుస కుదిరేలా 12 వాట్ల దీపాలు 12 అమర్చితే మొత్తం 144 వాట్లు అవుతుంది. సాంకేతికత ఎంతో మెరుగుపడింది, ఒక్కొక్క దీపం పాత దీపం కంటే ఎంతో పొదుపైనది, అయినా ఆ గది వాడే విద్యుత్తు దాదాపు మూడింతలైంది. దీపాల సంఖ్యను కింద కూర్చునే మనుషుల అవసరం నిర్ణయించవలసి ఉండగా, పైన గీసిన డిజైను నిర్ణయించడమే దీనికి కారణం.

వాటుకు ఎంత వెలుగు?

దీపం ఎంత విద్యుత్తు తీసుకుంటుందో చెప్పేది వాటు, ఎంత వెలుగు ఇస్తుందో చెప్పేది ల్యూమెన్. తంతువు వేడెక్కి వెలిగే పాత బల్బుల కాలంలో ఈ రెండింటికీ తేడా చూడవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే 60 వాట్ల బల్బు ఏ కంపెనీదైనా దాదాపు ఒకే వెలుగు ఇచ్చేది, అది కూడా వాటుకు 10 నుంచి 12 ల్యూమెన్లకు మించేది కాదు. పైకప్పు దీపాల్లో మొదట వాడుకలోకి వచ్చిన హాలోజన్ రకం వాటుకు 15 నుంచి 20 ల్యూమెన్లు ఇచ్చేది. 12 వోల్టులతో పనిచేస్తూ 50 వాట్లు తీసుకునే ఆ చిన్న గిన్నె ఆకారపు దీపం కింద నిలబడితే నడినెత్తిన వేడి తగిలేది. చుట్టలు తిరిగిన గొట్టాల సీఎఫ్ఎల్ దీపాలు వాటుకు 50, 60 ల్యూమెన్ల వరకు చేరుకున్నాయి. మంచి ఎల్ఈడీ డౌన్‌లైట్ నుంచి నేడు వాటుకు 100 ల్యూమెన్లు ఆశించవచ్చు.

ఈ మార్పుకు మూలం నీలిరంగు కాంతిలో ఉంది. ఎరుపు కాంతినిచ్చే ఎల్ఈడీ 1962 నుంచే ఉన్నప్పటికీ, గదిని వెలిగించే తెల్లని కాంతి రావాలంటే నీలం తప్పనిసరి కావడంతో, ఆ రంగు కోసం శాస్త్రవేత్తలు సుమారు మూడు దశాబ్దాలు శ్రమించవలసి వచ్చింది. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో ఆ పనిని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఇళ్లలో వాడే తెల్లని ఎల్ఈడీ లోపల ఉండేది నీలి కాంతినిచ్చే చిన్న బిళ్లే. దానిపై పూసిన పసుపుపచ్చని ఫాస్ఫర్ పూత ఆ నీలంలో కొంత భాగాన్ని పీల్చుకుని పసుపు వైపు మారిస్తే, మిగిలిన నీలంతో అది కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తుంది. పసుపు పూత మందంగా ఉన్న దీపం వెచ్చని వెలుగునూ, పలుచగా ఉన్న దీపం చల్లని నీలి ఛాయగల వెలుగునూ ఇస్తుంది.

ధర విషయంలో ఈ దీపాలను సామాన్యుల చేతికి తెచ్చినది భారీ ఎత్తున జరిగిన ప్రభుత్వ కొనుగోలు. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం కింద దేశవ్యాప్తంగా 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. 2014 ఆరంభంలో ఒక్కొక్కటి 310 రూపాయలకు కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. ఈ పంపిణీని తొలుత చేపట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నం వీధి దీపాలు కూడా ఎల్ఈడీలుగా మారాయి. ధర ఇలా పడిపోవడం మేలే చేసినా, చవకైన వస్తువును లెక్కలేకుండా వాడే గుణం దానితోపాటే పెరిగింది.

అందువల్ల డౌన్‌లైట్ కొనేవారు మొదట చేయవలసిన పని పెట్టెపై ముద్రించిన ల్యూమెన్లను వాట్లతో భాగించి చూడడం. 10 వాట్ల దీపంపై 1000 ల్యూమెన్లు అని ఉంటే వాటుకు 100 వస్తుంది, అది మంచి దీపం. అదే 10 వాట్లకు 700 మాత్రమే ఉంటే, అదే వెలుగును 7 వాట్లతో ఇచ్చే దీపం పక్కనే దొరుకుతుందని తెలుసుకోవాలి. ల్యూమెన్లు అసలు ముద్రించని దీపాన్ని పోల్చి చూసేందుకు ఆధారమే ఉండదు కాబట్టి దానిని పక్కన పెట్టడం మంచిది.

గదికి ఎంత వెలుగు కావాలి?

ఒక చదరపు మీటరు స్థలం మీద ఒక ల్యూమెన్ వెలుగు సమంగా పరచుకుంటే దానిని ఒక లక్స్ అంటారు. ల్యూమెన్ దీపం ఇచ్చేదాన్ని చెబితే, లక్స్ మనిషికి అందినదాన్ని చెబుతుంది. కూర్చుని మాట్లాడుకునే హాలుకు 100 నుంచి 150 లక్స్ సరిపోతుంది. కూరలు తరిగే వంటగట్టు మీద, పుస్తకం చదివే బల్ల మీద 300 వరకు కావాలి. నడవా వంటి దారులకు 50 నుంచి 100 చాలు.

పొడవు 12 అడుగులు, వెడల్పు 12 అడుగులు ఉన్న హాలును తీసుకుంటే దాని వైశాల్యం సుమారు 13.4 చదరపు మీటర్లు. 150 లక్స్ చొప్పున నేల మీదికి చేరవలసిన వెలుగు సుమారు 2,000 ల్యూమెన్లు. దీపం నుంచి బయలుదేరిన వెలుగంతా కిందికి చేరదు. కొంత గోడలు పీల్చుకుంటాయి, కాలక్రమంలో దుమ్ము పట్టి, దీపం మందగించి మరికొంత తగ్గుతుంది. లేత రంగు గోడలున్న గదిలో వెలుగులో 60 శాతం చేరుతుందనీ, మందగింపు పోగా అందులో 80 శాతం మిగులుతుందనీ అనుకుంటే, 2,000 ల్యూమెన్లు అందడానికి దాదాపు 4,200 ల్యూమెన్ల దీపాలు అమర్చాలి. వాటుకు 100 ల్యూమెన్లు ఇచ్చే 7 వాట్ల దీపాలు 6 పెడితే ఆ లెక్క సరిపోతుంది. మొత్తం 42 వాట్లు.

రోజుకు 5 గంటలు వెలిగితే ఈ 42 వాట్ల అమరిక ఏడాదికి సుమారు 77 యూనిట్లు వాడుతుంది. ముందు చెప్పిన 144 వాట్ల అమరిక అన్నే గంటలకు 263 యూనిట్లు వాడుతుంది. పాత హాలోజన్ దీపాలు 6 ఉన్న ఇంట్లో ఇదే లెక్క 547 యూనిట్లు దాటుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగిన కొద్దీ పై అంచెలో యూనిట్ ధర పెరిగే పద్ధతి ఉన్నందున, తగ్గించిన ప్రతి యూనిటూ ఆ ఇంటి బిల్లులో అత్యంత ఖరీదైన అంచె నుంచే తగ్గుతుంది. దీపం వదిలే వేడిని బయటికి నెట్టే పని ఏసీ మీద పడుతుంది కనుక, ఏసీ వేసుకునే గదుల్లో ఈ ఆదా మరికొంత పెరుగుతుంది.

ఈ లెక్కలో గోడల రంగు పాత్ర చాలా పెద్దది. తెల్లని పైకప్పు, లేత రంగు గోడలు తమపై పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని తిరిగి గదిలోకి పంపిస్తాయి. ముదురు చెక్క పలకలు, బూడిద రంగు గోడలు దానిని మింగేస్తాయి. దీపాలు వెలుగును కిందికే పంపుతాయి కనుక పైకప్పు, గోడల పైభాగం చీకటిగా ఉండిపోయి, నేల మీద కావలసినంత వెలుగున్నా గది మసకగా ఉన్నట్టు అనిపించవచ్చు. అప్పుడు మరో నాలుగు దీపాలు చేర్చాలని తోస్తుంది గానీ, ఉన్న దీపాల్లో రెండింటిని గోడకు అడుగున్నర, రెండడుగుల దూరంలోకి జరిపి, వెలుగు గోడను తడుముతూ దిగేలా చేస్తే అదే కరెంటుతో గది విశాలంగా, వెలుతురుగా కనిపిస్తుంది.

కాంతి కోణం, దీపం చోటు

డౌన్‌లైట్ నుంచి వెలుగు గరాటు ఆకారంలో విచ్చుకుంటుంది. ఆ విచ్చుకునే మేరను బీమ్ యాంగిల్, అంటే కాంతి కోణం అంటారు. దీపం నడిబొడ్డున ఉండే తీవ్రత సగానికి పడిపోయే అంచుల మధ్య కొలిచిన కోణం ఇది. తొమ్మిదడుగుల ఎత్తులో ఉన్న ఫాల్స్ సీలింగ్ నుంచి వంటగట్టు దాదాపు ఆరడుగుల పావు దూరంలో ఉంటుంది. అక్కడ 24 డిగ్రీల దీపం రెండున్నర అడుగుల పైచిలుకు, 36 డిగ్రీల దీపం నాలుగడుగులు, 60 డిగ్రీల దీపం ఏడడుగుల పైన వెడల్పుగల వెలుగు వలయాన్ని పరుస్తుంది. గోడ మీది పటానికో, దేవుడి గూటికో సన్నని కోణం నప్పుతుంది. గదంతటికీ వెలుగు కావాలంటే 60 డిగ్రీలకు తగ్గని కోణం ఉండాలి. సన్నని కోణపు దీపాలతో గది నింపాలని చూస్తే, వలయానికీ వలయానికీ మధ్య చీకటి మచ్చలు మిగిలి, వాటిని పూడ్చడానికి దీపాలు రెట్టింపు చేయవలసి వస్తుంది.

దీపం చోటు తప్పితే మంచి దీపం కూడా ఎలా వృథా అవుతుందో వంటగదిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎనిమిదడుగుల వెడల్పున్న వంటగదిలో పైకప్పుకు సరిగ్గా నడుమ, అంటే గోడకు నాలుగడుగుల దూరంలో, 15 వాట్ల దీపం బిగించి ఉందనుకోవాలి. వంట చేసే మనిషి గోడకు రెండున్నర అడుగుల దూరంలో, గట్టుకు ఎదురుగా నిలబడతారు. దీపం వారి వెనక ఉండిపోతుంది. తల, భుజాల నీడ ముందుకు పడి, తరుగుతున్న వంకాయ మీద, కత్తి అంచున ఉన్న వేళ్ల మీద, బియ్యంలో రాళ్లు ఏరుతున్న చాట మీద పరచుకుంటుంది. నేల మీద వెలుగు ధారాళంగా ఉంటుంది, చేతుల దగ్గర మాత్రం ఉండదు. సాధారణంగా దీనికి ఇంకా పెద్ద దీపం తెచ్చి బిగిస్తారు, దానితో నీడ మరింత చిక్కనవుతుందే తప్ప తొలగిపోదు. అదే దీపాన్ని గట్టు ముందు అంచుకు సూటిగా పైన, గోడకు రెండడుగుల లోపు దూరంలో పెడితే 7 వాట్లతోనే పని నడుస్తుంది. గట్టు పైన అల్మరాలు ఉన్న ఇంట్లో వాటి అడుగున 5, 6 వాట్ల ఎల్ఈడీ పట్టీ అమర్చుకుంటే నీడకు అసలు తావే ఉండదు.

దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న భౌతిక సూత్రం కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఆరడుగుల ఎత్తు నుంచి పుస్తకం మీద పడే వెలుగుతో పోలిస్తే, అదే తీవ్రతగల దీపం అడుగున్నర దూరంలో ఉంటే పదహారు రెట్ల వెలుగు అందుతుంది. కాబట్టి పిల్లల చదువు కోసం గది మొత్తాన్ని 300 లక్స్‌తో నింపడం కంటే, గదిని తక్కువ వెలుగుతో ఉంచి బల్ల మీద చిన్న దీపం పెట్టడం కంటికీ ఖర్చుకూ మేలైన మార్గం.

పడకగదికి వేరే ఇబ్బంది ఉంది. హాలులో కూర్చున్నవారి చూపు ఎదురుగా ఉంటుంది, మంచం మీద పడుకున్నవారి చూపు నేరుగా పైకప్పు మీదే ఉంటుంది. తలకు సూటిగా బిగించిన డౌన్‌లైట్ కళ్లలో పొడుచుకుంటుంది. అలాంటి చోట దీపాలను మంచం అంచులకు ఆవలగా జరపడం, వెలిగే భాగం అంచుకంటే లోతుగా ఉండే రకాన్ని ఎంచుకోవడం అవసరం. జబ్బుపడి ఎక్కువ గంటలు పడుకునే పెద్దవారున్న గదిలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఇక ఫ్యాను రెక్కల మేరలో దీపం ఉంటే, రెక్కలు తిరిగినప్పుడల్లా వెలుగు తెగి తెగి పడుతూ గదంతా రెపరెపలాడినట్టు ఉంటుంది. దీపాలు బిగించే ముందు ఫ్యాను కైవారాన్ని పైకప్పు మీద గీసి చూడడానికి కారణం ఇదే.

వెలుగు రంగు, వస్తువుల రంగు

దీపపు వెలుగు ఛాయను కెల్విన్లలో చెబుతారు. సంఖ్య తగ్గిన కొద్దీ వెలుగు పసుపు వైపు, పెరిగిన కొద్దీ నీలం వైపు జరుగుతుంది. అంగళ్లలో వార్మ్ వైట్ అని అమ్మేది 2700 నుంచి 3000 కెల్విన్లు, నేచురల్ వైట్ 4000 కెల్విన్లు, కూల్ డేలైట్ 6500 కెల్విన్లు. తెలుగు ఇళ్లలో చాలాకాలంగా తెల్లని ట్యూబ్‌లైటుకు అలవాటుపడిన కళ్లకు 6500 కెల్విన్లే ఎక్కువ వెలుగు అనిపిస్తుంది. నీలి ఛాయగల దీపంలో ఫాస్ఫర్ పూత పలుచన కాబట్టి అది కొద్దిగా ఎక్కువ ల్యూమెన్లు ఇస్తుందన్నదీ నిజమే. అయితే నీలం పాలు ఎక్కువగా ఉన్న వెలుగు రాత్రివేళ నిద్రను తెచ్చే మెలటోనిన్ అనే హార్మోను విడుదలను అణచివేస్తుంది. అందువల్ల వంటగదికీ, చదువు బల్లకూ 4000 కెల్విన్లు, పడకగదికీ, భోజనం చేసే చోటుకూ 3000 కెల్విన్లు ఎంచుకోవడం వివేకం. ఒకే గదిలో రెండు ఛాయలు కలగాపులగం చేస్తే గోడలు అతుకులు వేసినట్టు కనిపిస్తాయి.

వెలుగు ఛాయ ఒకటైతే, ఆ వెలుగులో వస్తువుల రంగు ఎంత నిజంగా కనిపిస్తుందన్నది వేరొకటి. ఈ రెండోదాన్ని సీఆర్ఐ అనే సంఖ్యతో, గరిష్ఠంగా 100గా లెక్కిస్తారు. ఇంటికి 80కి తగ్గకూడదు, 90 ఉంటే శ్రేష్ఠం. నీలి బిళ్ల, పసుపు పూతల కలయికతో పుట్టే వెలుగులో ఎరుపు సహజంగానే తక్కువ. నాసిరకం దీపం కింద కుంకుమ రంగు పట్టుచీర ఇటుక రంగులోకి దిగిపోవడం, పండుమిరపకాయ వాడినట్టు కనిపించడం, మనిషి ముఖం పాలిపోయినట్టు ఉండడం ఆ లోపం వల్లే. సీఆర్ఐ పెంచితే వాటుకు వచ్చే ల్యూమెన్లు కొంత తగ్గుతాయి. వంటగదిలో, అద్దం ముందు, బీరువా దగ్గర ఆ కొద్దిపాటి నష్టాన్ని ఒప్పుకోవడం న్యాయం. నడవాలో, సామాన్ల గదిలో దాని అవసరం లేదు.

వేడి, డ్రైవరు, దీపం ఆయుష్షు

ఎల్ఈడీకి వేడి లేదన్నది సగం నిజమే. దాని వెలుగులో వేడి ఉండదు గానీ, అది తీసుకున్న విద్యుత్తులో సగానికి పైగా బిళ్ల వెనుక భాగంలో వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి లాగడానికే దీపం వెనుక అల్యూమినియం తొడుగు ఉంటుంది. దీపాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు కాస్త బరువుగా ఉండడం మంచి సూచన. బరువే లేని పలుచని ప్లాస్టిక్ తొడుగుగల దీపంలో బిళ్ల ఉడికిపోయి, వెలుగు త్వరగా మందగిస్తుంది. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రెంటచింతల, రామగుండం వంటి ఊళ్లలో, అందులోనూ పై అంతస్తు ఇళ్లలో, స్లాబుకూ ఫాల్స్ సీలింగుకూ మధ్య చిక్కుకున్న గాలి గదికంటే ఎంతో వేడిగా ఉంటుంది. అక్కడ దీపానికి చుట్టూ కొంత ఖాళీ వదలాలి, దాని మీద దూది వంటి ఉష్ణ నిరోధకాలు కప్పకూడదు.

దీపంలో మొదట పాడయ్యేది చాలాసార్లు ఎల్ఈడీ కాదు, దానికి విద్యుత్తు అందించే డ్రైవరు. ఇంటికి వచ్చే 230 వోల్టుల ఏసీ విద్యుత్తును ఎల్ఈడీకి తగిన తక్కువ వోల్టేజీ డీసీగా మార్చే చిన్న పెట్టెను డ్రైవరు అంటారు. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అనే భాగం వేడికి ఎండిపోతుంది, ప్రతి పది డిగ్రీల పెరుగుదలకూ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజినీర్లు లెక్కవేస్తారు. వోల్టేజీ ఎగుడుదిగుళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో దీపం ఏ వోల్టేజీ నుంచి ఏ వోల్టేజీ వరకు తట్టుకుంటుందో, ఉరుములు మెరుపుల వేళ వచ్చే హఠాత్ పోటును ఎంతవరకు ఓర్చుకుంటుందో పెట్టెపై చూడాలి. డ్రైవరు దీపానికి వెలుపల, తీగతో కలిపి విడిగా ఉన్న రకాన్ని ఎంచుకుంటే, అది పోయినప్పుడు దానినొక్కదాన్నే మార్చుకోవచ్చు. అన్నీ ఒకే ముద్దగా అతికించిన రకంలో మొత్తం పారవేయవలసి వస్తుంది.

పెట్టెపై కనిపించే 25,000 గంటలు అన్న మాటకు అర్థం అన్ని గంటల తరువాత దీపం ఆరిపోతుందని కాదు. దాని వెలుగు తొలినాటి వెలుగులో 70 శాతానికి పడిపోయే సమయం అది. రోజుకు 5 గంటల లెక్కన 25,000 గంటలంటే 13 ఏళ్లు దాటుతుంది. అంతకాలం దీపం నిలవాలంటే డ్రైవరు కూడా నిలవాలి కనుక, గంటల సంఖ్య కంటే కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చే వారంటీ ఏళ్లనే ఎక్కువ నమ్మవచ్చు.

నాసి డ్రైవరు తెచ్చే మరో ఇబ్బంది మిణుకు. 50 హెర్ట్జుల విద్యుత్తులో వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. మంచి డ్రైవరు దానిని చదును చేస్తుంది, నాసిది వదిలేస్తుంది. కంటికి నేరుగా తెలియకపోయినా ఎక్కువసేపు చదివేవారికి అది తలనొప్పిగా, కళ్ల బరువుగా బయటపడవచ్చు. అంగడిలోనే దీపాన్ని వెలిగించి, సెల్‌ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి చూస్తే, నాసి దీపం వెలుగులో నల్లని చారలు కదులుతూనో, వెలుగు కొట్టుకుంటూనో కనిపిస్తుంది.

పెట్టె మీది ముద్రలు

భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వద్ద పైకప్పులో ఇమిడే ఎల్ఈడీ దీపాలు, వాటి డ్రైవర్లు తప్పనిసరిగా నమోదు కావాలి. ఇలాంటి దీపాల భద్రతకు సంబంధించిన ప్రమాణం ఐఎస్ 10322. బీఐఎస్ ముద్రతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య పెట్టెపైనా, దీపంపైనా ఉండాలి. విద్యుత్ ఘాతం, అగ్నిప్రమాదం వంటి ముప్పుల నుంచి కనీస రక్షణకు ఇది గుర్తు. పొదుపుకు గుర్తు వేరే ఉంది. ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎల్ఈడీ బల్బులకు నక్షత్రాల ముద్రను 2018 నుంచి తప్పనిసరి చేసింది. ఆ నక్షత్రాలు కొలిచేది కూడా వాటుకు ఎన్ని ల్యూమెన్లు అన్నదాన్నే. డౌన్‌లైట్ పెట్టెపై నక్షత్రాలు కనిపించకపోయినా, భాగహారం తెలిసినవారు ఆ పరీక్షను తామే చేసుకోగలరు.

స్నానాల గదికి ఐపీ అన్న అక్షరాల పక్కనున్న అంకెలు చూడాలి. మొదటి అంకె దుమ్ము, పురుగుల నుంచీ, రెండో అంకె నీటి నుంచీ రక్షణను చెబుతాయి. జల్లు పడే చోటుకు దగ్గరగా ఐపీ 44కు తగ్గని దీపం వాడాలి. హాలుకు ఐపీ 20 సరిపోతుంది, అయితే వానాకాలంలో దీపపు పురుగులు ముసిరే ఇళ్లలో ముందుభాగం మూసి ఉన్న రకం తీసుకుంటే, చచ్చిన పురుగులు లోపల పేరుకుని వెలుగును కమ్మేయకుండా ఉంటాయి.

స్విచ్చులు విడదీయడం

ఆరు దీపాలను ఒకే స్విచ్చుకు కలిపితే, వార్తలు వింటూ ఒక్కరే కూర్చున్న రాత్రి కూడా ఆరూ వెలుగుతాయి. వాటినే రెండు, నాలుగుగా విడదీసి రెండు స్విచ్చులు ఇస్తే, ఒకే గదిలో 14 వాట్లు, 28 వాట్లు, 42 వాట్లు అనే మూడు స్థాయిల వెలుగు దొరుకుతుంది. దీనికయ్యే అదనపు ఖర్చు కొద్ది మీటర్ల తీగ, ఒక స్విచ్చు మాత్రమే. ఇంటి విద్యుత్తు పొదుపులో ఇంత తక్కువకు ఇంత లాభమిచ్చే పని మరొకటి దొరకడం కష్టం. ఇన్వర్టరు మీదికి ఆ రెండు దీపాల వరుసనే ఇస్తే, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎక్కువసేపు ఓపుతుంది. వెలుగును తగ్గించే డిమ్మరు పెట్టుకోదలచినవారు దీపం డిమ్మరుకు తగినదని పెట్టెపై రాసి ఉన్నదే కొనాలి, లేకుంటే మిణుకు, గుయ్యిమనే శబ్దం వెంటపడతాయి.

ఫోనుతో నడిచే స్మార్ట్ దీపాల విషయంలో ఒక లెక్క చూసుకోవాలి. ఆరి ఉన్నప్పుడు కూడా ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ అవి కొంత విద్యుత్తు తీసుకుంటాయి. అది అర వాటే అనుకున్నా ఏడాదికి 4 యూనిట్లు దాటుతుంది. రోజుకు గంటసేపు వెలిగే సామాన్ల గదిలోని 7 వాట్ల దీపం వెలగడానికి ఏడాదికి వాడేది రెండున్నర యూనిట్లే కాబట్టి, అక్కడ ఎదురుచూపు ఖర్చే వెలుగు ఖర్చును మించిపోతుంది. అలాంటి చోటికి మామూలు దీపం, మామూలు స్విచ్చు చాలు.

ఉన్న ఇంటిలో మార్పు

ఫాల్స్ సీలింగ్ లేని ఇంట్లో డౌన్‌లైట్ కోసమని దానిని వేయించవలసిన అవసరం లేదు. స్లాబుకు నేరుగా బిగించే సర్ఫేస్ రకం దీపాలు ఇదే ల్యూమెన్ లెక్కతో పనిచేస్తాయి. దీపం కోసం స్లాబును తొలవడం, ఇనుప కడ్డీలకు దెబ్బ తగిలించడం ఏ విధంగానూ మంచిది కాదు. పాత హాలోజన్ లేదా సీఎఫ్ఎల్ డౌన్‌లైట్లు ఉన్న ఇంట్లో ముందుగా పైకప్పు రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలుచుకుని అంగడికి వెళ్లాలి. ఒకే వాటు దీపాలు కంపెనీకొక కొలతలో దొరుకుతాయి, కొలత కొద్దిగా తప్పినా జిప్సం బోర్డును మళ్లీ కోయవలసి వస్తుంది. ఎక్కువ గంటలు వెలిగే గదుల దీపాలను ముందుగా మార్చి, అరుదుగా వెలిగేవాటిని అవి పోయినప్పుడు మార్చుకోవచ్చు. సీఎఫ్ఎల్ గొట్టాలలో పాదరసం ఉంటుంది కనుక వాటిని పగలగొట్టకుండా, మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాలి.

కొత్త ఇల్లు కడుతున్నవారికి ఈ నిర్ణయాలన్నింటికీ మించిన అవకాశం ఒకటి ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ మూసేయక ముందు, చట్రం మాత్రమే నిలబడి ఉన్న రోజున, నేల మీద సుద్దముక్కతో మంచం అంచులకు ఆవలి చోటు ఎక్కడో, సోఫా ఎక్కడో, వంటగట్టు అంచు ఎక్కడో, పెద్దాయన పేపరు చదివే కుర్చీ ఎక్కడో గీయవచ్చు. చట్రం నుంచి దారానికి కట్టిన గుండును వేలాడదీసి, అది ఆ సుద్ద గుర్తుల మీదికి సరిగ్గా వచ్చేవరకు దారాన్ని జరిపి, దారం పైకొస ఆగిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టవచ్చు. దీపాల సంఖ్య ఆ గుర్తుల సంఖ్యే అవుతుంది, రంధ్రాలు ఆ గుర్తుల దగ్గరే పడతాయి. అలా బిగించిన దీపాలు పైకప్పులో వరుస తప్పినట్టు కనిపించినా, కింద వంకాయ తరిగే చేతికీ, పేపరు చదివే కంటికీ వాటి వెలుగు సూటిగా అందుతుంది.